అయిదు గ్లాసులు దాటని వాన

జూలై 16, బుధవారం

పొద్దున ఎనిమిదిన్నరకి వాతావరణ ఆఫీసు వానడబ్బాలో కొలత తీసి లోపలికి వచ్చానో లేదో వాన మొదలైంది. ఇప్పుడు సాయంత్రం అయిదు. ఇంకా ఆగలేదు. పంపు హౌస్ ఆవరణంతా చీలమండ లోతు నీళ్లు. మా ఆయన మోటార్లు ఆపేసి గేటు దగ్గర ఇసుక బస్తాలు వేయిస్తున్నారు. నా చేతనయింది ఒక్కటే. ఎప్పుడూ అడిగేదే అడిగాను. అయిదు గ్లాసులు దాటనివ్వకు స్వామీ.

జూలై 17, గురువారం

నా మాట నిలబెట్టాడు.

తెల్లవారేసరికి వాన వెలిసింది. ఎనిమిదిన్నరకి కంచె తలుపు తీసి వానడబ్బా గరాటు ఎత్తాను. లోపలి సీసా అంచు దాకా నిండి ఉంది. కొలత గ్లాసులోకి వంపాను. గ్లాసు నిండితే ఇరవై మిల్లీమీటర్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. చివర్న గ్లాసు అడుగున ఇంకో రెండు, ఆ కాసిన్ని చుక్కల్ని దాటడం అనను. మొత్తం నూట రెండు. పోయిన పెద్ద వానకీ నూట రెండే, అంతకు ముందూ నూట రెండే. పందొమ్మిదేళ్లుగా ఇది నాకూ దేవుడికీ మధ్య మాట. మా ఆయనకి కూడా చెప్పలేదు. చెప్తే నవ్వుతారు.

సీసా చుట్టూ ఉన్న బయటి డబ్బాలో కూడా నీళ్లు చేరాయి. చిన్న స్టీలు బకెట్లోకి వంపితే పిడి తగిలించే చెవుల దాకా వచ్చాయి. "సీసాలోది మన లెక్క, బయటిది మనది కాదు" అనేవారు నాకు ముందు ఈ కొలత తీసిన మామయ్యగారు. ఆ నీళ్లతో దేవుడి గది కడిగాను. వాననీళ్లకి నేల అద్దంలా వస్తుంది.

మునిసిపల్ ఇంజనీరుగారి డ్రైవరు మళ్లీ మన గొట్టంతో కారు కడిగాడు. ఊరంతా నీళ్లే, అయినా మన నీళ్లే కావాలి. ఇంజనీరమ్మగారు లోపల కూర్చుని ఇక్కడ మట్టి, అక్కడ మట్టి అని వేలితో చూపించడం.

మధ్యాహ్నం తెలిసింది. నిన్న మూడు గంటలకి పల్లపు వీధిలో నడుము లోతు నీళ్లు వచ్చాయట. ఆ వీధిలో ఉండే టైలరు అప్పుడు కొట్లో ఉన్నాడు. వాళ్లమ్మ మంచం మీంచి సొంతంగా లేవలేని మనిషి. అతను ఇంటికి చేరేసరికే అయిపోయింది. చూపు ఆనినన్నాళ్లూ నా బట్టలన్నిటికీ కాజాలు ఆవిడే కుట్టింది.

పడింది నూట రెండే కదా. మరి అంత నీళ్లు ఎక్కడివి?

జూలై 18, శుక్రవారం

మరి అంత నీళ్లు ఎక్కడివి.

జూలై 20, ఆదివారం

తమ్ముణ్ణి పనిలోంచి ఆపారు. ఊళ్లో మురుగు కాలువలు తీయించే మేస్త్రీ వాడు. పల్లపు వీధి కాలువ రోజుకి నూట ఇరవై మిల్లీమీటర్ల వాన దాకా తట్టుకునేట్టు కట్టారట. నేను పంపిన లెక్కలో పడింది నూట రెండు కాబట్టి కాలువ పొర్లకూడదు. పొర్లిందంటే పూడిక తీయలేదని అర్థం. ఇంజనీరు అలాగే రాసి పంపాడు. ఆగస్టు ఒకటిన విచారణ. మనిషి పోయింది కనుక ఉద్యోగంతో పోతుందో జైలు దాకా వెళ్తుందో తెలియదని మరదలు ఫోన్లో ఏడ్చింది.

తమ్ముడు వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నీ పుస్తకంలో ఎంత రాశావు?"

"పడినంతే రాశాను రా."

"పడినంతే అయితే ఆవిడ ఎందుకు పోయింది? నా కళ్ల ముందు కాలువ పొర్లింది. జూన్ నెలంతా పారలు అరిగేలా తీయించాను. అడుగున సిమెంటు కనపడింది. కావాలంటే మనుషుల్ని అడుగు."

"నేను ఎవర్ని అడగనురా? నా చేతిలో ఉన్నది గ్లాసు."

"ఆ గ్లాసే నా మెడకి చుట్టుకుంది."

కాఫీ ఇస్తానంటే వద్దన్నాడు. మెట్లు దిగి మళ్లీ వెనక్కి వచ్చి, "నువ్వు నన్ను నమ్ముతున్నావా లేదా, అది చెప్పు చాలు" అన్నాడు. నమ్ముతున్నానన్నాను. వాడు నా మొహంలోకి చూసి వెళ్లిపోయాడు.

జూలై 21, సోమవారం

రాయకూడదు కానీ ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను. వాడు కాలువ తీయించి ఉండడు. చిన్నప్పుడు గది ఊడవమని అమ్మ చీపురిస్తే చెత్తంతా చాప కిందకి తోసి, నేల చూపించి శభాష్ అనిపించుకునేవాడు. పైపైన తీయించి ఉంటాడు. దేవుడు తన వంతు చేశాడు, వాన ఆపాడు. మనిషి తన వంతు చేయలేదు. ఇలా అయితేనే అన్నీ అతుకుతాయి. ఇంకోలా అతకడం లేదు.

జూలై 23, బుధవారం

వాతావరణ కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, వీపున సంచి, మోకాళ్ల దాకా బురద. చుట్టుపక్కల పదకొండు చోట్ల ఉన్న పాత వాన పుస్తకాలన్నీ ఫొటోలు తీస్తోందట. యాభై ఏళ్లలో పెద్ద వానలు ఎక్కడ పెరిగాయి, ఎక్కడ తగ్గాయి అన్నది ఆమె చదువు. లెక్కలమ్మాయి అని పిలిస్తే నవ్వింది.

మామయ్యగారి పుస్తకాలు, నావి, అన్నీ బల్ల మీద పెట్టాను. ప్రతి పుస్తకానికీ నేను గోధుమరంగు కాగితం అట్ట వేశాను, లోపలి వైపు కూడా మడిచి జిగురుతో అంటించి. "ఇంత శుభ్రంగా ఎవరూ ఉంచలేదమ్మా" అంది. సంతోషం వేసింది.

తర్వాత కంప్యూటర్లో ఒక మ్యాపు చూపించింది. తూర్పున అన్నిచోట్లా ఎర్రచుక్కలు, అక్కడ పెద్ద వానలు పెరిగాయి. పడమటి కొండ వైపు తెల్లవి, మార్పు లేదు. మన ఊరు మాత్రం నీలం. తగ్గాయని.

"ఎర్రచుక్కల మధ్య మీరొక్కరే నీలం. నోట్లో ఊడిపోయిన పన్నులా ఉంది చూడండి" అంది.

ఒళ్లు పులకరించింది. గర్వం కూడా కలిగింది, దాచడం ఎందుకు. ఎందుకు నీలమో నాకు తెలుసు.

"మొత్తం వాన పెరిగిందా మరి?" అని అడిగాను.

"లేదమ్మా, ఏడాది మొత్తం దాదాపు అంతే. పడే రోజులు తగ్గాయి. పడితే ఒక్కసారే."

"మొత్తం అంతే అయితే గొడవేముంది?"

ఆమె వంటగది వైపు చూసింది. "నెలకి సరిపడా ఉప్పు ఒక్క పూట కూరలో వేశారనుకోండి. ఉప్పు ఖర్చు అంతే కదా. తినగలరా?"

ఆ తర్వాత నా పుస్తకాల్లో పెద్ద వానల కింద పెన్సిల్ గీతలు గీసుకుంటూ పోయింది. మామయ్యగారి రోజుల్లో నూట పద్దెనిమిది, నూట ముప్ఫై ఒకటి, నూట నలభై ఆరు. నా చేతికి వచ్చాక నూట రెండు, నూట రెండు, నూట రెండు. తొమ్మిదిసార్లు.

"వాన తొమ్మిదిసార్లు ఒకే గీత దగ్గర ఆగదు కదమ్మా" అంది.

"ఆపితే ఆగుతుంది."

"ఎవరు ఆపితే?"

నేను మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఇంకో ప్రశ్న సిద్ధంగా ఉంది. "ఈ సీసా ఎప్పుడైనా మారిందా అమ్మా?"

గుర్తు లేదన్నాను.

జూలై 24, గురువారం

నిజంగానే గుర్తు లేదు. మామయ్యగారు పోయిన ఏడు ఎన్ని పనులు, ఎంతమంది చుట్టాలు. సీసా ఒకటా గుర్తుండటానికి.

జూలై 25, శుక్రవారం

గాజు సీసాలు పగులుతాయి. పాతబడితే వాటంతటవే పగులుతాయి.

జూలై 26, శనివారం

నేనే పగలగొట్టాను.

మామయ్యగారు పోయిన రెండో వారం. ముప్ఫై ఏళ్లు ఆయన చేతిలో ఉన్న గాజు సీసా, మెడ దగ్గర తాడు కట్టి ఉండేది. కొలత తీసి కడుగుతుంటే సబ్బు చేతుల్లోంచి సీసా జారింది. ముక్కలు కొంగులో ఏరుకుని పెరటి వెనక పూడ్చాను. మా ఆయనకి చెప్పలేదు. ఆఫీసుకి రాయలేదు. పంపు హౌస్ సామాన్ల గదిలో వెతికితే మందుల డబ్బాల వెనక ఒక ప్లాస్టిక్ సీసా దొరికింది. గరాటు కింద సరిగ్గా పట్టింది. దేవుడే పంపాడనుకున్నాను.

అది చిన్నది. పక్కపక్కన పెట్టి చూస్తే సగం ఉండేదేమో. పక్కన పెట్టడానికి పాతది ఎక్కడుంది?

ఆ రోజు నుంచే వాన గురించి అడగడం మొదలుపెట్టాను. ఆయన సీసా నేను పగలగొట్టిన దానికి ప్రాయశ్చిత్తంగా.

జూలై 27, ఆదివారం

లెక్కలమ్మాయి వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. ఈ పుస్తకాల అట్ట లోపలి వైపు ఆఫీసువాళ్లు సూచనలు అచ్చు వేస్తారట, నావాటిలో కనపడలేదట. ఆ మాట నాలుగు రోజులుగా గొంతులో చేపముల్లులా ఉంది. ఇవాళ ఒక పాత పుస్తకం తీసి, నేను అంటించిన కాగితాన్ని తడిగుడ్డతో నాననిచ్చి మెల్లగా ఊడదీశాను.

చిన్న అక్షరాలు. నాలుగో సూచన. "సీసా నిండి పొర్లినప్పుడు బయటి డబ్బాలో చేరిన నీటిని కూడా కొలిచి మొత్తంలో కలపవలెను."

పందొమ్మిదేళ్లు. ఏటేటా కొత్త పుస్తకం వస్తే మొదట చేసే పని అట్ట వేయడం. మరక పడకూడదని. అక్షరం మీదే అంటించాను.

మా ఆయన్ని అడిగాను. "బయటిది మనది కాదు అనేవారు కదా మామయ్యగారు, దేని గురించి?"

"చెమ్మ గురించి. అప్పటి డబ్బాకి అడుగున చిల్లుండేది, నేలనీళ్లు ఊరేవి. అవి కలపొద్దనేవాడు. తర్వాత నేనే డబ్బా మార్పించాను కదా."

"నాకు చెప్పలేదే."

"నువ్వు అడగలేదే" అన్నారు, పేపరు మడుస్తూ. కోపం లేదు, ఆయన మాటల్లో ఎప్పుడూ ఉండదు. "ఆ సీసా చిన్నదని నాకూ అనిపించేది. నాన్న పోయిన బెంగలో నువ్వే ఏదో సర్దావులే అని ఊరుకున్నాను."

అందరమూ ఊరుకున్నాం.

జూలై 28, సోమవారం

దేవుడి ముందు కూర్చున్నాను. అరగంట. ఏమని అడగాలో తెలియలేదు.

అయిదు గ్లాసులు దాటనివ్వకు అని అడిగాను. దాటలేదు. ఆ సీసాలో అయిదు గ్లాసుల మీద రెండు కన్నా పట్టవు. అయితే నా మాట విన్నది ఎవరు? ఆయనా, సీసానా?

జూలై 29, మంగళవారం

ఫోను చేస్తే లెక్కలమ్మాయి మధ్యాహ్నానికల్లా వచ్చింది. అంతా చెప్పాను, పూడ్చిన ముక్కలతో సహా. ప్రార్థన సంగతి చెప్పలేదు. తిడుతుందనుకున్నాను. ఆమె తల పట్టుకుంది.

"పారబోసిన నీళ్లు ఎన్నో ఇప్పుడు ఎలా తెలుస్తుందమ్మా?"

"పారబోయలేదు. ఎప్పుడూ దేనికో వాడేదాన్ని. వాననీళ్లు కదా."

"దేనికి వాడారో గుర్తుందా?"

గుర్తుండటమేమిటి, రాసుకున్నాను. ఇలాంటి దినచర్య పుస్తకాలు ట్రంకు పెట్టెలో పందొమ్మిది ఉన్నాయి. ఎవరికీ చూపించనివి. నేను తేదీలు చూసి ఆ ఒక్క వాక్యం మాత్రం చదువుతుంటే ఆమె రాసుకుంది. మొదటి పెద్ద వాన: బయటి నీళ్లు అరచెంబు, మొక్కలకి పోశాను. మూడేళ్ల తర్వాత: చెంబు నిండా, పప్పు ఉడకబెట్టాను, తొందరగా ఉడికింది. ఆ తర్వాత చెంబున్నర. తలస్నానానికి పెద్ద చెంబు. చిన్న బకెట్లో సగం. చిన్న బకెట్లో సగానికి పైన. ఈ నెలది, చెవుల దాకా.

చదువుతూ చదువుతూ ఆగి, ఆమె రాసుకున్న వరసని మొదటి నుంచి మళ్లీ చూశాను. మధ్యలో ఒకటి రెండు తగ్గినా, రాను రాను పాత్ర పెద్దదవుతూ వచ్చింది. ప్రతిసారీ సరిపడే పాత్ర వెతికి తెచ్చింది నేనే. ఒక్కసారి కూడా అది పెద్దదైందని అనుకోలేదు.

పాత్రలన్నీ ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. నేను ఏదీ పారేయను. వంటగదిలో నేల మీద కూర్చుని ఒక్కోదానిలో నీళ్లు పోసి, కొలత గ్లాసుతో కొలిచాం. చెవుల దాకా ఉన్న చిన్న బకెట్ నాలుగు గ్లాసులు, ఆపైన ఏడు. ఎనభై ఏడు. నూట రెండుకి కలిపితే నూట ఎనభై తొమ్మిది.

కాలువ తట్టుకునేది నూట ఇరవై.

"మీ ఊరు నీలం కాదమ్మా" అంది ఆ పిల్ల, చాలా మెల్లగా. "అందరికన్నా ఎర్రగా ఉంది."

విచారణలో పాతవేవీ అక్కర్లేదట. ఈ ఏటి పుస్తకం ఒక్కటి చూపిస్తే చాలంది. జూలై పదిహేడో తారీకు పేజీ చాలు కదా, చింపి ఇస్తానన్నాను.

"చింపితే నమ్మరు. నిన్న రాసి తెచ్చారంటారు. ముందూ వెనకా పేజీలతోనే ఇవ్వాలి."

వెనకే జూలై ఇరవై ఒకటి ఉంది.

జూలై 31, గురువారం

రెండుసార్లు కత్తెర తీశాను. రెండుసార్లు పెట్టేశాను. వాడి ఉద్యోగం దక్కాలంటే ఈ పుస్తకం ఇవ్వాలి. ఇస్తే, నమ్ముతున్నానని వాడి మొహం మీద చెప్పిన మర్నాడు నేనేం రాశానో వాడికి తెలుస్తుంది. ఒక్క పేజీ. బ్లేడుతో కుట్టు దగ్గర కోస్తే ఎవరికీ కనపడదు.

నేను పూడ్చిన వాటి జాబితాలో ఇంకోటి.

ఆగస్టు 2, శనివారం

ఇది మా ఆయన పాత పంపుల పుస్తకం, వెనక ఖాళీ పేజీలు. నాది నిన్న విచారణ ఆఫీసులో ఉండిపోయింది. వరసగా రాస్తాను, లేకపోతే నాకే అర్థం కాదు.

పొడుగాటి గది. ముందు వరసలో ఇంజనీరు. గోడవారగా తమ్ముడు, మరదలు. చివరి కుర్చీలో టైలరు, మెడలో కొలతల టేపు తీయడం కూడా మరచిపోయి వచ్చాడు. విచారణ అధికారికి జలుబు, ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాడు. నన్ను పిలిచారు. చెప్పాను. సీసా, పగలడం, చిన్న సీసా, బయటి నీళ్లు.

"గట్టిగా చెప్పండమ్మా, ఫ్యాను చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు."

గట్టిగా అన్నాననుకున్నాను. మళ్లీ వినపడలేదు. చివరికి ఆయనే లేచి ఫ్యాను ఆపాడు. గదంతా ఉక్కపోతలో నేను మొదటి నుంచీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నేనే పగలగొట్టాను అన్నది రెండుసార్లు.

ఇంజనీరు నవ్వాడు. "అక్కాతమ్ముళ్ల ప్రేమకి వాన కూడా పెరుగుతుంది సార్. నూట రెండు కాస్తా రెండు వారాల్లో నూట ఎనభై తొమ్మిది అయింది. విచారణ ఇంకో నెల పడితే సముద్రమే."

కొందరు నవ్వారు. నేను సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. కోయలేదు.

గుమస్తాని చదవమన్నారు. అతను పదిహేడో తారీకు పై నుంచి మొదలుపెట్టాడు. నా మాట నిలబెట్టాడు, అని. నేను నేల చూశాను. నాకూ దేవుడికీ మధ్య మాట. ఒప్పచెప్పినట్టు గట్టిగా, అక్షరం పోకుండా చదివాడు. బకెట్ చెవుల దాకా. దేవుడి గది కడిగాను. తర్వాత కారు సంగతి వచ్చింది. ఇక్కడ మట్టి, అక్కడ మట్టి దగ్గర గదంతా పెద్దగా నవ్వింది. ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాతి నాలుగు వాక్యాలు టైలరు వాళ్లమ్మవి. నవ్వు ఆగింది.

మా ఆయన తువాలులో చుట్టి తెచ్చిన బకెట్ బల్ల మీద పెట్టారు. లెక్కలమ్మాయి చెవుల దాకా నీళ్లు పోసి, గ్లాసుతో తీస్తూ పైకి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నాలుగో గ్లాసుకి ఇంజనీరు కూడా ముందుకి వంగి చూశాడు.

"ఇది ముందే రాసిందని ఎలా నమ్మడం?" అన్నాడు, అయినా.

విచారణ అధికారి పుస్తకం తన దగ్గరికి లాక్కున్నాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. చదువుతున్నంతసేపూ ముక్కు తుడుచుకోలేదు.

"ఇరవై ఒకటిన తమ్ముడి మీద మీరే అనుమానపడ్డారు" అన్నాడు.

అవునన్నాను. ఆ ఒక్కసారి నా గొంతు అందరికీ వినపడి ఉంటుంది.

"చాప కింద చెత్త" అని చదివి, ఇంజనీరు వైపు చూశాడు. "తమ్ముణ్ణి కాపాడటానికి దొంగరాతలు రాసే మనిషి ఇది రాయదు. మీరు కూర్చోండి."

ఏ పేజీ కోసం కత్తెర తీశానో ఆ పేజీనే వాణ్ణి బయటపడేసింది. నేను సంతోషించాలి. తమ్ముడి వైపు తిరిగాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

బయట మెట్ల దగ్గర టైలరు నా కోసం ఆగి ఉన్నాడు. ఆవిడ పోయిన మర్నాడు నేను దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నది అతను విన్నాడు. ఏమన్నా పడదామని నిలబడ్డాను.

"మా ఇంట్లో నీళ్లు ఇక్కడి దాకా వచ్చాయమ్మా" అని తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "మీ సీసా ఎంత ఎత్తుంటుంది?"

చేత్తో చూపించాను. జానెడు, ఆపైన నాలుగు వేళ్లు. అతను నా చేతిని చాలాసేపు చూశాడు. తల ఊపి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆగస్టు 5, మంగళవారం

తమ్ముడు రాలేదు. ఫోను మరదలు తీస్తోంది. స్నానం చేస్తున్నాడంటుంది. ఎప్పుడు చేసినా స్నానమే.

ఆగస్టు 7, గురువారం

ఇవాళ కూడా స్నానమే.

ఆగస్టు 9, శనివారం

తమ్ముణ్ణి పనిలోకి తీసుకున్నారు. పల్లపు వీధి కాలువ వెడల్పు చేయడానికి కొలతలు మొదలయ్యాయట. అదే ఇంజనీరు, అదే కారు. లెక్కలమ్మాయి కొత్త సీసా పంపింది, పెద్దది. కింద రబ్బరు పట్టీ ఉంది, జారదు. చేతిలోంచి జారిందన్న మాట గుర్తుపెట్టుకుని పంపింది.

వాన పుస్తకంలో పాత ఎనిమిది నూట రెండుల పక్కనా, ఈ నెలదాని పక్కనా, ఎర్రసిరాతో అసలు సంఖ్యలు ఆమె చెప్పినట్టు రాశాను. వాటి ముందు సుమారుగా అని రాయమంది. రాశాను. నా పందొమ్మిదేళ్ల భక్తి ముందు కూడా ఆ మాటే రాయాలేమో.

లేక అప్పుడు కూడా విన్నాడా? నేను అడగకపోతే ఇంకా ఎక్కువ పడేదా? ఇది ఏ గ్లాసుతోనూ తేలదు. రోజూ దీపం పెడుతున్నాను. దీపం పెట్టి ఊరికే కూర్చుంటున్నాను.

ఆగస్టు 14, గురువారం

పొద్దున తొమ్మిది నుంచి పెద్ద వాన. ఇప్పుడు పెద్ద వాన రోజుల్లో మూడు గంటలకోసారి కొలిచి కాలువ మేస్త్రీకి చెప్పాలని కొత్త ఆర్డరు. కాలువ మేస్త్రీ అంటే వాడే. ఫోను చేయనా వద్దా అని పన్నెండింటికి గుమ్మంలో గొడుగు కోసం వెతుకుతుంటే, గేటు దగ్గర వాడే కనపడ్డాడు. బూట్లు, రెయిన్ కోటు, తల మీంచి నీళ్లు కారుతున్నాయి.

"కాలువ దగ్గర ఉండాల్సిన వాడివి ఇక్కడేం చేస్తున్నావు?"

"కాలువ తీయించలేదు కదా, అందుకే తిరుగుతున్నాను."

గొడుగు తలుపు వెనక దొరికింది, చేతిలోకి తీసుకున్నాను. వాడు నా చేతిలోంచి గొడుగు తీసుకుని, తెరిచి, నా తల మీద పట్టాడు. నా మీదే పట్టాడు, వాడు తడుస్తూనే ఉన్నాడు.

"చాప కింద తోసింది నిజమే" అన్నాడు. "ఆరేళ్లప్పుడు. నలభై ఏళ్లుగా అదే చాప పట్టుకుని కూర్చుంటావా అక్కా?"

"తప్పే రా."

"తప్పే." కంచె వైపు తల విసిరాడు. "ముందు ఎంతో చెప్పు. అరవై దాటితే పల్లపు వీధిలో ముసలివాళ్లని ఇప్పుడే బడిలోకి తీసుకెళ్లాలి. ట్రాక్టరు తిప్పి పెట్టుకుని వచ్చాను. టైలరు దాని మీదే ఉన్నాడు."

కంచె దాకా పది అడుగులు. ప్రతి పెద్ద వానకీ ఆ పది అడుగుల్లోనే నేను దేవుడితో మాట్లాడేదాన్ని. అలవాటు కొద్దీ పెదవులు కదిలాయి. ఆపమని అడగబోయి ఆగాను. ఎంత, అని మాత్రం అడిగాను.

గరాటు ఎత్తి, సీసా రెండు చేతులతో పట్టుకుని, గ్లాసులోకి వంపడం మొదలుపెట్టాను. తమ్ముడు నా భుజం మీంచి వంగి పైకి లెక్కపెట్టాడు.